కొరికి పెట్టిన సినిమా

రోబియా రైలెక్కిన వారం ఖుబానీలు పండాయి. ఆమె ఫోను చేసిన వారం దానిమ్మలు పగిలాయి. ఈ రెంటి మధ్యా మా వీధి వీధంతా ఒక ఉత్తరంలో ఏముందో తెలియక అల్లాడిపోయింది. ఆ ఉత్తరం మాలో ఎవరికీ వచ్చింది కాదు. సినిమాలో హీరోయిన్‌కి వచ్చింది.

మా ఆయన షుహ్రత్ ఆ ఏడు చలికాలమంతా లారీమీద తిరిగి తిరిగి ఒక రంగుల టీవీ, దాని కింద పెట్టే వీడియో పెట్టె తెచ్చాడు. సమర్కంద్‌లో అప్పటికే చాలా ఇళ్ళలో ఉన్నా, మా వీధికి మాత్రం అదే మొదటిది. ఆడవాళ్ళం వారానికొకరింట్లో చేరి టీ తాగుతూ లోకాన్ని దులిపి ఆరేయడం మాకు ముందునుంచీ ఉన్నదే. దాన్ని గప్ అంటాం. అంటే కబుర్లు. ఇంటింటికీ వంతులుండేవి. వీడియో వచ్చాక వంతులన్నీ మా ఇంటికొచ్చి చతికిలబడ్డాయి. ప్రతి గురువారం మధ్యాహ్నం మూడింటికి కిటికీకి రజాయి అడ్డం కట్టి, నేల మీద పరుపులు పరిచి, కెటిల్ నిండా పచ్చ టీ కాచి పెట్టడం నా పని. కెమిస్ట్రీ చదివిన కోడలివల్ల ఇంటికి దక్కిన లాభం ఏమిటని ఎవరైనా అడిగితే మా అత్తయ్య రెండు చెప్పేది: సీసాల్లో ఊరేసిన దోసకాయలు బూజు పట్టవు, వీడియోలో టేపు చిక్కుపడితే పెన్సిలు పెట్టి విప్పగలదు.

సినిమాలు హిందీవి. పాటలు మాత్రం హిందీలో వదిలేసి, మాటలమీద రష్యన్‌లో ఒకే ఒక మగమనిషి గొంతు పరిచేవారు. హీరో, హీరోయిన్, హీరోయిన్ తల్లి, పోలీసు, పసిపాప, అందరికీ అతనే. జలుబు చేసినట్టుండేది ఆ గొంతు. ప్రేమిస్తున్నానన్నా, గొంతు పిసుకుతానన్నా ఒకటే రాగం. ఆ రష్యన్‌ని మా వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పడం కూడా నా పనే. అత్తయ్యకి వచ్చిన రష్యన్ క్యూలో నిలబడడానికి సరిపోతుంది. వీధి చివర తందూరులో రొట్టెలు వేసే ముఖద్దస్ ఆపా రష్యన్ రొట్టెల బేరం దాటదు. ఆపా అంటే మాకు అక్క. ఇక రోబియాకి ఏ భాషా అక్కర్లేదు. తెరతోనే మాట్లాడేది.

"ఒసేయ్, వెనక్కి చూడవే! నీ వెనకాలే ఉన్నాడు! ఆపా, ఇది చూడదేంటి?"

"చూస్తే సినిమా అయిపోతుంది. నువ్వు కూర్చో" అనేదాన్ని.

రోబియా మా ముంగిట్లో, ద్రాక్షపందిరికి అవతలి గదిలో అద్దెకుండేది. టోపీలమీద తెల్ల పట్టుదారంతో మిరపకాయల పువ్వు కుట్టేది. ఇరవై ఆరేళ్ళు. మొగుడు ఎర్గష్ ఇళ్ళు కట్టే పనికని కిందటి వసంతంలో రష్యాలో సమారాకి వెళ్ళాడు. వెళ్ళేరోజు అందరిలాగే ఒక రొట్టె అంచు కొరికి వెళ్ళాడు. ఆ రొట్టెను గుడ్డలో చుట్టి గోడకి ఎత్తుగా మేకు కొట్టి తగిలించింది. కొరికినవాడు తిరిగొచ్చి పూర్తి చేసేదాకా దాన్ని ఎవరూ ముట్టకూడదు. అది అతన్ని వెనక్కి లాగుతుందని మా పెద్దవాళ్ళ నమ్మకం. ఎర్గష్‌చేత మాత్రం అది ఎనిమిది నెలలుగా ఒక్క ఉత్తరంముక్క కూడా రాయించలేకపోయింది.

ఆ గురువారం వచ్చిన సినిమా రెండు కేసెట్లది. పడవ నడుపుకునే కుర్రాడు పట్నం వెళతాడు. అమ్మాయి రేవులో నిలబడుతుంది. అతను పోయాడని ఊరంతా అనుకుంటారు. పెళ్ళి కుదురుస్తారు. మెహందీ పెట్టుకున్న చేతుల్లో పోస్టుమాన్ ఒక ఉత్తరం పెడతాడు. అమ్మాయి కవరు అంచు సగం చింపింది. తెరమీద చీమలు పాకాయి. మొదటి కేసెట్ అయిపోయింది.

"వాడిదే! రాసింది వాడే!" ముఖద్దస్ ఆపా తొడమీద చరుచుకుంది. "మవ్జుదా, లేవవే, రెండోది పెట్టు. టీ తరవాత పోద్దువుగాని."

నేను లేచాను.

"ఆపా, పెట్టకు" అంది రోబియా.

"ఏం?"

"రేపు పొద్దున్నే నా బండి. ఇంకా బట్టలు సర్దుకోలేదు."

ముగ్గురం ఆమె వంక తిరిగాం. ఒక్క కన్నీటి చుక్క లేదు. సినిమాకి ఏడ్చి ఏడ్చి అప్పటికే ముక్కు ఎర్రగా ఉంది, అంతే.

"ఎక్కడికే?" అంది అత్తయ్య, తెలిసి కూడా.

"సమారాకి. ఆయన్ని తీసుకొస్తాను." లేచి తన గదిలోకి వెళ్ళి, మేకునుంచి దించిన గుడ్డమూట పట్టుకొచ్చింది. విప్పి చూపించింది. ఏడాది దాటిన రొట్టె. అంచున మొగుడి పళ్ళగాటు. "ఇది ఆయనది. తినిపించి మరీ తీసుకొస్తాను."

"పళ్ళూడతాయే వాడికి!" అంది ముఖద్దస్ ఆపా.

"ఊడనీ" అంది రోబియా.

 అత్తయ్య బల్లమీదున్న రొట్టెల్లో మంచిది ఏరి, దుమ్ము లేకపోయినా దులిపి, ముందుకు చాపింది. రోబియా పెద్ద ముక్కే కొరికింది. నములుతూ, నవ్వుతూ, నా చేతిలోంచి రెండో కేసెట్ లాక్కుని, దాని అట్టపెట్టె మూలని కూడా పళ్ళమధ్య పెట్టి కసుక్కున కొరికింది.

"ఇదీ నాదే. నేనొచ్చేదాకా ఎవరూ ముట్టకూడదు."

నేను నవ్వాను. ముఖద్దస్ ఆపా పొట్ట పట్టుకుని నవ్వింది. అత్తయ్య నవ్వలేదు. కేసెట్ తీసుకుని అట్టమీద పళ్ళగాటు చూసింది. రొట్టెని మా గది గోడకున్న మేకుకి తగిలించి, కేసెట్‌ని దాని పైన అలమరలో పెట్టింది.

"కొరికితే కొరికినట్టే" అంది.

*

ఇక్కడ నేనొక సంగతి ఒప్పుకోవాలి. మళ్ళీ మంగళవారం అత్తయ్య పరామర్శకని పై వీధికి వెళ్ళింది. నేను తలుపు గడియ పెట్టి, కిటికీకి రజాయి కట్టి, రెండో కేసెట్ పెట్టేశాను. చదువుకున్నదాన్ని. అట్టపెట్టెని కొరికినంత మాత్రాన టేపులోని ఇనుపపొడికి ఏమీ కాదని నాకు తెలుసు. కానీ పక్కింటి గోడ పలచన. అందుకని గొంతు పూర్తిగా తగ్గించేశాను.

దొంగతనానికి తగ్గ శాస్తి జరిగింది. హీరోయిన్ కవరు పూర్తిగా చింపి, కాగితం విప్పి, మూడు నిమిషాలపాటు చదివింది. ఆమె చదువుతున్నంతసేపూ ఆ జలుబు గొంతాయన ఏదో చెబుతూనే ఉంటాడు. నాకు ఒక్క ముక్క వినపడదు. కాగితంమీద రాత హిందీ. అమ్మాయి పెదవి వణికింది. నవ్వబోతోందో ఏడవబోతోందో తేలకముందే కాగితం మడిచి, బిందె తీసుకుని రేవుకి వెళ్ళి తోమడం మొదలుపెట్టింది. తరవాత చాలామంది పరిగెత్తారు. చివర అతను గడ్డంతో పడవ దిగాడు. అందరూ ఒక్కచోట చేరారు. ఏ ఉత్తరమైతేనేం, మనుషులు చేరారు కదా అనుకుని, టేపు మొదటికి తిప్పి, దుమ్ము కూడా చెదరకుండా అలమరలో పెట్టేశాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టే. కాకపోతే ఈ పిల్లికి పాల రుచి కూడా తెలియలేదు.

జూన్‌లో రోబియాదగ్గరనుంచి నాలుగు వాక్యాల ఉత్తరం వచ్చింది. క్షేమంగా చేరాను, హాస్టల్లో ఉన్నాను, పాత చిరునామాలో ఆయన లేడు, వెతుకుతున్నాను. ఆ తరవాత ఏమీ లేదు. జూలై గడిచింది. ఆగస్టు గడిచింది. సాయంత్రాలు ఆమె గది తలుపుకున్న తాళం చూస్తూ బట్టలు ఆరేసేటప్పుడు నాకో ఆలోచన వచ్చేది: నేను ఆ టేపు ముట్టుకోకుండా ఉంటే? చదివిన కెమిస్ట్రీ అంతా తవ్వి తీసినా దానికి జవాబు లేదు. మళ్ళీ గొంతు పెట్టి వినాలని ఎన్నిసార్లనిపించినా చెయ్యి వెయ్యలేదు. నాకు నేనే వేసుకున్న శిక్ష అది.

ఈలోగా మా వీధికి కేసెట్లు అద్దెకి తిప్పే రవిల్ వచ్చాడు. తాతలనాడు వచ్చి స్థిరపడ్డ తాతార్ కుటుంబం వాళ్ళది. బజారులో చిన్న కొట్టు.

"అమ్మా, మొదటి కేసెట్ పదిహేనిళ్ళు తిరిగింది. అందరూ నా పీక మీద కూర్చున్నారు. ఉత్తరంలో ఏముంది, ఉత్తరంలో ఏముంది అని. రెండోది ఇచ్చెయ్యండి."

"ఇవ్వడం కుదరదు నాయనా. మా రోబియా కొరికి వెళ్ళింది" అంది అత్తయ్య.

"ఏంటి కొరికింది?"

అత్తయ్య అలమరనుంచి తీసి పళ్ళగాటు చూపించింది. అతను అట్టని అటూ ఇటూ తిప్పాడు.

"సినిమాని కొరకడమేంటమ్మా? ఏ మతంలో ఉంది ఇది?"

"మీ అమ్మ నువ్వు సైన్యానికి వెళ్ళేటప్పుడు కొరికిన రొట్టె ఎన్నాళ్ళు దాచింది?"

"రెండేళ్ళు."

"మధ్యలో ఎవడైనా ఆకలేసి వచ్చి ఇచ్చెయ్యమంటే ఇచ్చేదా?"

రవిల్ నా వంక చూశాడు, నువ్వైనా చదువుకున్నదానివి కదా అన్నట్టు. నేను టీ పోశాను. అతను తాగి, కేసెట్ అక్కడే వదిలేసి, వెళుతూ గుమ్మందగ్గర ఆగాడు. "ఆవిడ ఎప్పుడొస్తుందో ఉత్తరమేమైనా వచ్చిందా?"

అలా మొదలైంది. మొదటి సగం చూసిన ప్రతి ఇంట్లోనూ రెండో సగానికి తాళంచెవి రోబియా దగ్గరుంది. ఆమె ఉన్నన్నాళ్ళూ మొగుడు వదిలేసిన మనిషని పెళ్ళిళ్ళకి పిలవడానికి వెనకాడినవాళ్ళు, పాలు పోయించుకుంటూ, రొట్టెలు కొంటూ, నీళ్ళ పంపు దగ్గర అడగసాగారు. "మీ రోబియా రాసిందా?" "ఆ ఎర్గష్ దొరికాడా?" "పాపం, అక్కడ చలి మొదలైపోయుంటుంది, కోటు తీసుకెళ్ళిందా?" మసీదు దగ్గర కూర్చునే ముసలాయన ఒకరు, సినిమాలంటే పాపమని చెప్పే మనిషి, నన్ను ఆపి, గొంతు తగ్గించి, ఆ పోస్టుమాన్ ఇచ్చిన ఉత్తరం పడవ కుర్రాడిదేనా అమ్మా అన్నాడు. మా కోడలు అడగమంది అని చేర్చాడు.

ఆగస్టు చివర అలమర తుడుస్తూ కేసెట్ చేతిలోకి తీసుకున్నాను. కేసెట్ కిటికీలోంచి చూస్తే టేపంతా కుడివైపు చక్రానికి చుట్టుకుని ఉంది. నేను మొదటికి తిప్పి పెట్టాను. నాకు బాగా గుర్తు. ఇంట్లో మిగిలింది షుహ్రత్, అత్తయ్య. షుహ్రత్ నెలనుంచి లారీమీద ఉన్నాడు. అత్తయ్యకి ఆడించే మీట ఒక్కటే కొడుకు నేర్పించాడు. వెనక్కి తిప్పడం రాదు.

వంటింట్లోంచి ఆమె ఉల్లిపాయలు తరుగుతున్న చప్పుడు వస్తోంది. ఒక్కర్తీ కూర్చుని, ఆ జలుబు గొంతు చెప్పే భాష అర్థంకాక, నన్ను అడగలేక, ఆఖరిదాకా చూసిందన్నమాట. అడగాలంటే నాకెలా తెలిసిందో చెప్పాలి. మాట్లాడకుండా వెనక్కి తిప్పి పెట్టేశాను.

ద్రాక్ష కోతలప్పుడు టేపు మళ్ళీ జరిగింది. ఈసారి మూడొంతులదాకా. అట్టపెట్టెలో పొద్దుతిరుగుడు గింజ పొట్టు ఒకటి దొరికింది. మా ఇంటి తాళంచెవి గుమ్మం పైన ఉంటుందని వీధికంతా తెలుసు. కానీ సినిమా చూస్తూ పొట్టు ఒళ్ళో ఊసుకునేది ఒక్క ముఖద్దస్ ఆపానే. ఆ గురువారం ఆమె నా ఎదురుగా కూర్చుని, గింజలు కొరుకుతూ, కళ్ళలో కళ్ళు పెట్టి అడిగింది.

"రోబియా రాసిందా?"

"లేదు ఆపా."

"ఇంకా ఎన్నాళ్ళే?" ఆమె గొంతులో వేళాకోళం లేదు. చూడాల్సింది చూసేసింది. ఇంక సినిమాకోసం అడగక్కర్లేదు. అయినా అడిగింది. మర్నాడు రొట్టెలు ఇచ్చేటప్పుడు మళ్ళీ అడిగింది.

ఆ గురువారాల్లో వేరే సినిమాలు చూశాం. రోబియా కూర్చునే మూల పరుపు ఎవరూ తీసుకోలేదు. హీరోయిన్ వెనక దొంగ నక్కి ఉన్నప్పుడు గది నిశ్శబ్దంగా ఉండేది. వెనక్కి చూడమని చెప్పేవాళ్ళు లేరు.

*

అక్టోబరులో పోస్టాఫీసునుంచి చీటీ వచ్చింది. సమారానుంచి ఫోను, బుధవారం పదకొండింటికి వచ్చి ఉండాలి. నేనూ అత్తయ్యా వెళ్ళాం. ఆమె కొత్త తలగుడ్డ కట్టుకుంది. మూడో నంబరు గది అని పిలిచారు. అద్దాల తలుపు వేసుకుని నేను లోపల. ఒళ్ళో సంచితో బెంచీమీద అత్తయ్య బయట.

"ఆపా! వినపడుతోందా?"

"వినపడుతోందే. ఎలా ఉన్నావు? తిన్నావా?"

"తిన్నాను. రొట్టెల ఫ్యాక్టరీలో పని దొరికింది. ముఖద్దస్ ఆపాతో చెప్పు, ఇక్కడి రొట్టె ఇటకలాగా ఉంటుంది. నాలుగు మూలలూ సమానం. వింటే నవ్వుతుంది."

"ఎర్గష్ కనిపించాడా?"

"చిరునామా దొరికింది. ఒకావిడ తలుపు తీసింది. మంచిదే పాపం. కూర్చోబెట్టి టీ ఇచ్చింది. నిండు నెలలు."

గడియారం ముల్లు కదులుతోంది. మూడు నిమిషాలే ఇస్తారు. ఏదో ఒకటి అనాలని అడిగాను.

"మరి రొట్టె?"

"ఎలా ఇస్తాను ఆపా? వాళ్ళ బల్లమీద తాజా రొట్టె ఉంది. హాస్టలుకి తెచ్చుకుని టీలో నానబెట్టి నేనే తిన్నాను. మూడు రోజులు పట్టింది. పారేయకూడదు కదా."

"కూడదు" అన్నాను.

"అతని పళ్ళగాటు ఉన్న ముక్క ఆఖర్న తిన్నాను." నవ్విందనుకుంటాను. లైనులో గరగర. "సినిమా చూశారా?"

"లేదు."

"అయ్యో, ఇంకానా! నేనేదో వేళాకోళానికి కొరికితే! చూసేయండి ఆపా. నాకోసం ఆగకండి."

"నీ రొట్టె మేకుకే ఉంది రోబియా."

"దాన్ని కూడా..."

టెలిఫోనమ్మాయి ఏదో అంది. గరగర కూడా ఆగిపోయింది. రిసీవరు పెట్టేశాను. అద్దం అవతలనుంచి అత్తయ్య నన్నే చూస్తోంది. ఒక్క మాట వినపడి ఉండదు. నేను సినిమా చూసినట్టే చూసింది, గొంతు లేకుండా. బయటికి రాగానే ఏమీ అడక్కుండా లేచి, సంచిలోంచి దానిమ్మపండు తీసి నా చేతిలో పెట్టింది. 

*

మర్నాడు గురువారం. ముఖద్దస్ ఆపా రెండున్నరకే వచ్చేసింది. కాగితంలో చుట్టిన వేడి రొట్టెలు బల్లమీద పెట్టి కూర్చుంది. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. తలుపు తీసినావిడ, టీ, రొట్టె. ఇటకలాంటి రొట్టెల దగ్గరికి వచ్చేసరికి ఆపా తను తెచ్చిన రొట్టెలమీద కాగితం మళ్ళీ కప్పింది. తలగుడ్డ కొసతో ముక్కు తుడుచుకుంది.

"సినిమా చూసేయమంది" అన్నాను. "తనకోసం ఆగొద్దంది."

ఎవరూ కదల్లేదు. నాలుగు నెలలు వీధిని ఊపేసిన కేసెట్ అలమరలో ఉంది. లేచి తెమ్మనేవాళ్ళు లేరు.

"పెట్టనా?" అన్నాను.

"నాకేం తొందర లేదు" అంది ముఖద్దస్ ఆపా, గోడవంక చూస్తూ.

అత్తయ్య టీ గిన్నె కింద పెట్టింది. "రొట్టె గురించి ఏమంది?"

"ఏదో అనబోయింది. లైను తెగిపోయింది."

"అనబోయిందా, అందా?"

"అనలేదు."

"చూసుకో మరి." కోర్టులో జడ్జీలాగా రెండు చేతులూ మోకాళ్ళమీద పెట్టుకుంది. "సినిమా వదిలేసింది కానీ రొట్టె వదల్లేదు. రొట్టె మేకుకి ఉన్నంతకాలం మనిషి వస్తున్నట్టే లెక్క. మనిషి వస్తున్నప్పుడు మనం ముందే కూర్చుని చూసేస్తే ఏం బాగుంటుంది? నువ్వే చెప్పు ముఖద్దస్."

"ఏం బాగుంటుంది!" అంది ఆపా వెంటనే. "ఎదురుగా కూర్చుని అది అడుగుతుంటే మనకి ముందే తెలిసిపోయి, మొహం ఎక్కడ పెట్టుకుంటాం?"

వాళ్ళిద్దరి మొహాలూ చూశాను. ఒక్క రేఖ కదల్లేదు. నా మొహం కూడా కదిలి ఉండదు. అంత మంచి నటులు ఆ సినిమాలో కూడా లేరు.

"అయితే ఇవాళ ఏం చూద్దాం?" అన్నాను.

"మొదటిదే తెప్పించు" అంది అత్తయ్య. "మొదట్లో ఏం జరిగిందో మర్చిపోయాను."

బజారుకి వెళ్ళి అడిగితే రవిల్ నెత్తి పట్టుకున్నాడు. "మళ్ళీ మొదటిదా? దేవుడా! ఆవిడ వస్తోందా?"

"రొట్టె ఇంకా మేకుకే ఉంది" అన్నాను. అతను కేసెట్ తీసి ఇచ్చాడు.

కిటికీకి రజాయి కట్టాను. టీ పోశాను. పడవ కుర్రాడు పట్నం వెళ్ళాడు. అమ్మాయి రేవులో నిలబడింది. ఆమెకి కనపడకుండా మేనమామ అతని ఉత్తరాలు చించి నీళ్ళలో వేస్తున్నప్పుడు, ఎవరూ అనుకోని విధంగా, మా అత్తయ్య ముందుకు వంగింది.

"ఒసేయ్, వెనక్కి చూడవే!" అంది తెరతో. "నీ వెనకాలే ఉన్నాడు!"

ముఖద్దస్ ఆపా గింజలు కొరకడం ఆపింది. నేను మూల పరుపు వైపు చూడకుండా కెటిల్ సర్దాను.

పెళ్ళి కుదిరింది. మెహందీ చేతుల్లో పోస్టుమాన్ ఉత్తరం పెట్టాడు. అమ్మాయి కవరు అంచు సగం చింపింది. తెరమీద చీమలు పాకాయి. లేచి ఆపాలని ఎవరికీ తోచలేదు. గదిలో ఆ గరగర చప్పుడు, రజాయి అంచులోంచి ఒక గీత ఎండ. ఆ గీత గోడమీద మేకుదాకా పాకింది.

"ఆ ఉత్తరంలో ఏం రాశాడో" అంది ముఖద్దస్ ఆపా.

అత్తయ్య నిట్టూర్చి, బోర్లించి ఉన్న నాలుగో టీ గిన్నెని, రోబియాదాన్ని, తిరగేసి పెట్టింది.

"వస్తే తెలుస్తుంది" అంది.